బెంచ్ మీద మేయర్ గారు

రెజ్యూమేలో గ్యాప్ కనపడకూడదు. మా బావమరిది నమ్మిన ఏకైక వేదవాక్యం ఇది. అమెరికా వచ్చి పన్నెండేళ్లయింది. ఈలోగా ఎంతమంది తెలుగు కుర్రాళ్ల రెజ్యూమేలకు మరమ్మతులు చేసిపెట్టాడో వాడికే గుర్తులేదు. మూడు నెలల ఖాళీ ఉంటే అక్కడో ప్రాజెక్టు పుడుతుంది. ఆరు నెలలైతే ఏకంగా క్లయింటే పుడతాడు. ఏడాది దాటితే మాత్రం వాడు కూడా కాసేపు కళ్లు మూసుకుని ఆలోచిస్తాడు.

అలాంటివాడి నోరు మూయించిన రెజ్యూమే ఒకటుంది. అది ఒక మేయర్ గారిది.

పోయిన వేసవిలో బోస్టన్ చూపిస్తానని నన్ను కాళ్లరిగేలా తిప్పాడు. ఫాన్యుల్ హాల్ దగ్గర, కాంగ్రెస్ స్ట్రీట్ పక్కన రెండు కంచు విగ్రహాలున్నాయి. రెండూ ఒకే మనిషివి. ఒకటి నిలబడి ఉంది, రెండోది పార్కు బెంచీ మీద కూర్చుని ఉంది. మనవైపు కూడా ఒక నాయకుడికి ఊరికి నాలుగు విగ్రహాలుంటాయి కానీ, కనీసం వేరే వేరే సెంటర్లలో పెడతాం.

"ఎవర్రా ఈయన?" అన్నాను.

"ఎవరో మేయర్ అంట బావా," అని ఫోన్ తీసి చదవడం మొదలెట్టాడు. రెండు నిమిషాలయ్యాక, "ఈయన రెండుసార్లు జైలుకెళ్లొచ్చాడు బావా," అన్నాడు. ఇంకాస్త చదివి, "రెండుసార్లూ పదవి మాత్రం పోలేదు," అన్నాడు. వాడి గొంతులో అంత భక్తి నేను తిరుమల క్యూలో కూడా వినలేదు.

జేమ్స్ మైకేల్ కర్లీ. బోస్టన్ మేయర్ పదవికి పదిసార్లు పోటీ చేసి నాలుగుసార్లు గెలిచారు. ప్రజాసేవ చేయాలనుకునే యువతకు మార్గదర్శకంగా ఉంటుందని, ఈ మహనీయుడి ఉద్యోగ చరిత్రను ఒక హెచ్‌ఆర్ మేనేజర్ చూసినట్టు నిష్పాక్షికంగా చూద్దామని కూర్చున్నాను. తప్పులుంటే మా బావమరిదివి.

చదువు అనే గడి దగ్గర పెద్దగా రాయడానికేమీ లేదు. 1874లో బోస్టన్‌లోని రాక్స్‌బరీలో, ఐర్లండ్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఇంట్లో పుట్టారు. పదేళ్లప్పుడు తండ్రి పోయాడు. బరువైన రాయి ఎత్తబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. తల్లి ఆఫీసుల్లో మోకాళ్ల మీద కూర్చుని నేల తుడిచి పిల్లల్ని పెంచింది. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, ఎన్నికల్లో పనికొస్తుంది. ఆయనకు పనికొచ్చింది.

ఇక మొదటి అనుభవం. 1902లో రాష్ట్ర శాసనసభలో సభ్యుడిగా ఉంటూ కర్లీ గారు పోస్ట్‌మన్ ఉద్యోగానికి పరీక్ష రాశారు. తన కోసం కాదు. తెలిసినవాడి పేరుతో, తెలిసినవాడి బదులు వెళ్లి రాశారు. ఇక్కడికొచ్చేసరికి మా బావమరిది ఫోన్ పక్కన పెట్టేశాడు. "ప్రాక్సీనా!" అన్నాడు. నూట ఇరవై ఏళ్ల కిందట, జూమ్ లేని రోజుల్లో, కెమెరా పాడైందని చెప్పే వీలు కూడా లేని రోజుల్లో, మనిషి మనిషిగా పరీక్ష హాల్లో కూర్చుని చేసిన ప్రాక్సీ అది. ఈ రోజు అమెరికాలో కెమెరా వెనక నుంచి పెదాలు కదిలించే మన కుర్రాళ్లు ఈ ఆదిపురుషుడి ఫొటోకు ఒక పూలదండ వేయాలి.

పట్టుబడ్డారు. అరవై రోజుల శిక్ష పడింది. మామూలు మనిషైతే తల దించుకుని ఊరు మారేవాడు. ఈయన 1904లో చార్లెస్ స్ట్రీట్ జైల్లో ఉంటూనే ఆల్డర్‌మన్ పదవికి, అంటే మన లెక్కలో కార్పొరేటర్ లాంటి దానికి, నిలబడి గెలిచారు. నినాదం ఒక్కటే: స్నేహితుడి కోసం చేశాడు. మీరే చెప్పండి, ఓటరుకు అంతకన్నా ఏం కావాలి? మేనిఫెస్టో అంటే చేస్తానని చెప్పేది. ఈయన చేసి, జైల్లో కూర్చుని, రుజువు చూపించి మరీ ఓటడిగారు. తన కోసం దొంగతనం చేసే నాయకులు బోలెడుమంది. మన కోసం చేసేవాడు దొరికితే వదులుకుంటామా?

ఆ జైలు ఇప్పుడు ఖరీదైన హోటల్. పేరు లిబర్టీ. అందులో రెస్టారెంటు పేరు క్లింక్, అంటే కటకటాలు. బార్ పేరు అలిబై, అంటే నేనప్పుడు అక్కడ లేనని చెప్పుకునే సాక్ష్యం. ఒక రాత్రికి అక్కడ గది అద్దె ఎంతో చూసి మా బావమరిది, కర్లీ గారు ఫ్రీగా ఉన్నారని నిట్టూర్చాడు.

తర్వాత కొన్నాళ్లు వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యత్వం. అక్కడ మనసు నిలవలేదు. బోస్టన్ మేయర్ కుర్చీ కావాలి. అందులో అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. జాన్ ఎఫ్. ఫిట్జెరాల్డ్, తియ్యగా పాడతాడని, తియ్యగా మాట్లాడతాడని ముద్దుగా హనీ ఫిట్జ్ అంటారు. 1913 చివర్లో కర్లీ గారు ఒక సాంస్కృతిక ప్రకటన చేశారు. ప్రజల విజ్ఞానం కోసం ఉపన్యాసాలు ఇవ్వబోతున్నానని. అందులో ఒకదాని అంశం, చరిత్రలో మహా ప్రేమికులు: క్లియోపాత్రా నుంచి టూడిల్స్ దాకా. క్లియోపాత్రా ఎవరో అందరికీ తెలుసు. టూడిల్స్ ఎవరో బోస్టన్‌లో సగం మందికి తెలుసు. సిగరెట్లమ్మే ఆ అమ్మాయికీ మేయర్ గారికీ ముడిపెట్టి ఊరు గుసగుసలాడుకుంటోంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఫిట్జెరాల్డ్ గారు ఆరోగ్యం బాలేదంటూ పోటీ నుంచి తప్పుకున్నారు. ఒక్క ఓటు పడకుండా, ఒక్క రాయి విసరకుండా, చరిత్ర పాఠం చెప్తానన్నందుకే ప్రత్యర్థి పారిపోయిన ఎన్నిక ఇది. హ్యుమానిటీస్ చదివితే ఉద్యోగాలు రావని పిల్లల్ని భయపెట్టే తల్లిదండ్రులు దీన్ని గమనించాలి.

1914 జనవరిలో మేయర్‌గా గెలిచారు. ఈ ఫిట్జెరాల్డ్ గారి కూతురు కొడుకొకడు పుడతాడు, వాడి సంగతి తర్వాత.

పాలన గురించి. సిటీ హాల్‌లోకి వస్తూనే నేల తుడిచే ఆడవాళ్లు మోకాళ్ల మీద ఉండటం చూసి, లేవండమ్మా, ఆడవాళ్లు మోకరిల్లాల్సింది దేవుడి ముందే అని, పొడుగు కర్రల మాప్‌లు కొనిపించారట. వ్యంగ్యం రాసేవాడికి ఇలాంటివి చాలా ఇబ్బంది. ఎందుకంటే ఇది మంచి పని. పైగా అమ్మ మోకాళ్లు గుర్తున్నవాడు చేసిన పని. దీంట్లో ఓట్లు ఎంత, ప్రేమ ఎంత అని తూకం వేయబోతే తక్కెడ నిలవదు.

అదే ఏడాది బోస్టన్ నడిబొడ్డున ఉన్న పబ్లిక్ గార్డెన్‌ని కోటి డాలర్లకు అమ్మేద్దామన్నారు. చుట్టూ తరతరాల డబ్బున్న, ఇంగ్లండ్ మూలాల యాంకీ కుటుంబాల మేడలు. వాళ్లకు గుండె ఆగినంత పనైంది. అమ్మలేదు, అమ్మే ఉద్దేశం కూడా ఉందో లేదో. దొరగారి వాకిట్లో చెట్టు కొట్టేస్తానని బెదిరిస్తే కూలివాడలో చప్పట్లు పడతాయి, దానికి చెట్టు కొట్టాల్సిన పనిలేదు. ఇంకోసారి జీతాలకు డబ్బు లేక బ్యాంకుని అప్పు అడిగితే లేదన్నారట. మీ బ్యాంకు కింద నుంచే నగరం నీళ్ల పైపు పోతోంది, సాయంత్రంలోగా డబ్బు రాకపోతే మీ లాకర్లు ఈదుతాయి అన్నారట. అప్పు పుట్టింది. ఇవి చాలావరకు ఆయనే చెప్పుకున్న కథలు కాబట్టి ఉప్పు మీరే వేసుకోవాలి.

1915లో జమైకావే మీద సొంతిల్లు కట్టుకున్నారు. అప్పుడప్పుడే మేయరైన మనిషి అంత భవంతి ఎలా కట్టాడని నగర ఆర్థిక కమిషన్ వాళ్లు తలలు పట్టుకున్నారు. కిటికీ తలుపులకు ఐర్లండ్ గుర్తుగా మూడాకుల షామ్‌రాక్ ఆకారాలు కత్తిరించి పెట్టించారు. యాంకీలు ఆ దారిన పోతూ చూడాలి. పేదింటి పిల్లాడు మేడ కట్టాడన్నది పేదవాడికి కుంభకోణంలా కనపడదు, గృహప్రవేశంలా కనపడుతుంది. ఈ ఒక్క మాట అర్థం కాక ఎన్ని విచారణ కమిషన్లు ఎన్ని రీముల కాగితం ఖరాబు చేశాయో.

1917లో ఓడిపోయారు. మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ చేసిన ఘనకార్యం చూడండి. బోస్టన్ మేయర్ వెంటవెంటనే రెండోసారి పోటీ చేయకూడదని చట్టం తెచ్చింది. బోస్టన్ మేయర్ అని రాశారు గానీ కర్లీ అని చదువుకోవాలి. ఒక మనిషి కోసం ప్రత్యేకంగా చట్టం పుట్టిందంటే, రెజ్యూమేలో అచీవ్‌మెంట్స్ కింద రాసుకోవాల్సిన విషయం. ఆయన బాధపడలేదు. 1921లో గెలిచారు, ఆగారు, 1929లో గెలిచారు, ఆగారు. మధ్యలో 1924లో గవర్నర్ పదవికి నిలబడి ఓడారు. ఆ ప్రచారంలో ఈయన ఊరూరా మాట్లాడుతుంటే దూరంగా కొండ మీద శిలువలు మండేవి. కాథలిక్కులంటే పడని కూ క్లక్స్ క్లాన్ పనే అని ఈయన వేలు చూపించి గర్జించేవారు. అగ్గిపుల్ల గీసింది ఈయన మనుషులేనని తర్వాత చెప్పుకున్నారు. టైమింగ్ మాత్రం ఒక్కసారీ తప్పలేదట. మన సభల్లో మైకు కూడా అంత టైముకి పనిచేయదు.

ఇప్పుడు 1932. ఇది మా బావమరిదికి అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. అధ్యక్ష పదవికి డెమొక్రాట్ల అభ్యర్థి ఎవరన్న దగ్గర కర్లీ గారు రూజ్‌వెల్ట్ వైపు నిలిచారు. సొంత రాష్ట్రం మసాచుసెట్స్ మాత్రం ఆల్ స్మిత్ వైపు. దాంతో షికాగో మహాసభకు ఈయన్ను ప్రతినిధిగా పంపలేదు. ఇంట్లో కూర్చున్నారా? లేదు. ప్యూర్టో రికో ప్రతినిధుల్లో ఒకరిగా సభలో ప్రత్యక్షమయ్యారు. పేరు ఆల్కాల్డే హైమే మిగెల్ కర్లియో, అంటే స్పానిష్ వేషంలో మేయర్ జేమ్స్ మైకేల్ కర్లీ. మనవాళ్లు హెచ్1బి కోసం ఎన్ని అవతారాలెత్తినా, ఇంతవరకు ఎవడూ ద్వీపం మార్చలేదు. ప్రాక్సీతో మొదలైన ప్రస్థానం ముప్పై ఏళ్లు తిరిగేసరికి అంతర్జాతీయ స్థాయికి చేరింది.

రూజ్‌వెల్ట్ గెలిచాక ప్రతిఫలంగా పోలండ్‌లో రాయబారి పదవి ఇస్తామన్నారు. పోలండ్ అంత మంచి ఊరైతే మీరే రాజీనామా చేసి వెళ్లండి అని అధ్యక్షుడితోనే అన్నారని చెప్తారు. ఆఫర్ లెటర్ ఇలా తిరగ్గొట్టిన క్యాండిడేట్‌ని మా బావమరిది తన సర్వీసులో చూడలేదు.

1935లో గవర్నరయ్యారు. ఆ తర్వాత వరసగా దెబ్బలు. 1936 సెనేట్, 1937 మేయర్, 1938 గవర్నర్, 1941 మళ్లీ మేయర్, అన్నీ ఓటములే. ఇక ముగిసిపోయిందని పత్రికలు తీర్మానించాయి. 1942లో కాంగ్రెస్‌కి గెలిచారు.

అసలు కథ 1945లో ఉంది. డెబ్బై ఏళ్ల కర్లీ గారు మేయర్‌గా నిలబడ్డారు. నినాదం: కర్లీ పనులు చేయిస్తాడు. నెత్తి మీద ఫెడరల్ కేసు ఉంది. యుద్ధం రోజుల్లో ప్రభుత్వ కాంట్రాక్టులు ఇప్పిస్తామని చెప్పి జనం దగ్గర ఫీజులు పుచ్చుకునే ఒక సంస్థకు ఈయన ప్రెసిడెంటు. ఇంజినీర్స్ గ్రూప్ దాని పేరు.

"అంటే కన్సల్టెన్సీ," అన్నాను మా బావమరిదితో.

వాడు అవతలి విగ్రహం వైపు చూశాడు.

బోస్టన్ జనం ఆయన్ను గెలిపించారు. 1946 జనవరిలో దోషి అని తీర్పు వచ్చింది. ఆయన అప్పీలు చేసుకుని పాలన సాగించారు. ఆ ఏడాదంతా ఆయన మేయరూ, కాంగ్రెస్ సభ్యుడూ కూడా. ఒక చేత్తో రెండు ఉద్యోగాలు చేస్తే మన కంపెనీలు మూన్‌లైటింగ్ అని ఇంటికి పంపుతాయి. ఇక్కడ ప్రజలే యజమానులు, వాళ్లు పంపలేదు.

1947 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా చేతులెత్తేసింది. కోర్టుకు చక్రాల కుర్చీలో వచ్చారు. మెడకు రెండు సైజులు పెద్ద కాలర్, లోపల మెడ వడిలిన తోటకూర కాడలా కనపడేటట్టు. తొమ్మిది జబ్బుల జాబితా చదివించారు. అరెస్టు వారంటు చూడగానే గుండె పట్టుకునే మన నాయకులారా, మీరు పడుతున్న శ్రమంతా పాత సినిమా రీమేకే. జడ్జి కరగలేదు. ఆరు నుంచి పద్దెనిమిది నెలలు, డాన్‌బరీ జైలు.

మేయర్ జైలుకెళ్తే నగరం ఏం చేయాలి? పదవి పోవాలని మీరూ నేనూ అనుకుంటాం. శాసనసభ ఏం చేసిందంటే, జాన్ హైన్స్ అనే సిటీ క్లర్కుని తాత్కాలిక మేయర్‌గా కూర్చోబెడుతూ చట్టం చేసింది. కర్లీ గారి పదవి అలాగే ఉంటుంది, జీతం అలాగే వస్తుంది. ఆ చట్టం మీద సంతకం పెట్టింది అవతలి పార్టీ గవర్నర్. పని చేయకుండా, ఆఫీసుకి రాకుండా, గోడల మధ్య కూర్చుని, నెల తిరిగేసరికి జీతం. మన భాషలో దీన్ని బెంచ్ మీద ఉండటం అంటారు. బెంచ్ మీదున్నవాడికి నెలానెలా పూర్తి జీతం రావడం మా బావమరిది పన్నెండేళ్లలో వినలేదట.

విడుదల చేయాలని లక్ష మందికి పైగా సంతకాలు పెట్టారు. మసాచుసెట్స్ కాంగ్రెస్ సభ్యుల మధ్య కూడా ఒక వినతిపత్రం తిరిగింది. పెట్టనన్నది ఒక్క డెమొక్రాట్. ముప్పై ఏళ్ల కుర్రాడు, కర్లీ ఖాళీ చేసిన సీటులోంచే గెలిచినవాడు, పేరు జాన్ ఎఫ్. కెన్నెడీ. హనీ ఫిట్జ్ గారి కూతురి కొడుకు. టూడిల్స్ ఉపన్యాసం బాకీ మనవడి తరంలో తీరింది.

అయినా అధ్యక్షుడు ట్రూమన్ శిక్ష తగ్గించాడు. ఐదు నెలలకే బయటికొచ్చారు, జబ్బులు తొమ్మిదీ డాన్‌బరీలోనే వదిలేసి. సిటీ హాల్‌కి వెళ్లి ఒక రోజంతా దస్త్రాలు చూసి, బయట విలేకరులతో, నేను లేని ఐదు నెలల్లో జరగని పని ఈ ఒక్క రోజులో చేశానన్నారు. నోరా, వీపుకు చేటు తేకే అని మనవాళ్లు ఊరికే అనలేదు. పక్కనే ఉన్నాడు హైన్స్. నెమ్మదస్తుడు, పాతికేళ్లకు పైగా ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తా. ఐదు నెలలు కుర్చీని తుడిచి, కాపాడి, మళ్లీ అప్పగించినవాడు. ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. 1949లో పోటీ చేసి కర్లీని ఓడించాడు. 1951లో, 1955లో కూడా కర్లీ గారికి దక్కింది ఓటమే. అర్ధశతాబ్దం పాటు కమిషన్లు, కోర్టులు, ప్రత్యేక చట్టాలు చేయలేని పని ఒక అవమానపడ్డ హెడ్ క్లర్కు చేశాడు. ప్రభుత్వాఫీసుల్లో పనిచేసిన వాళ్లెవరూ దీనికి ఆశ్చర్యపోరు.

ఇంత చరిత్ర ఉన్నవాడికి శాస్త్రంలో చోటు లేకపోతే ఎలా? హార్వర్డ్ ఆర్థికవేత్తలు గ్లేసర్, ష్లైఫర్ 2005లో ఒక పరిశోధన పత్రానికి కర్లీ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. తనకు ఓటు వేయనివాళ్ల మీద పన్నులు బాది, వాళ్లు విసిగి ఊరొదిలి పోయేలా చేస్తే, ఊరు చిక్కిపోయినా మెజారిటీ బలుస్తుందన్నది సారాంశం. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తూ పోతే, చివరికి అత్త ఇల్లు మారిందన్నమాట. నాకు సగమే నమ్మకం. న్యూ ఇంగ్లండ్ మిల్లులు దక్షిణాదికి తరలిపోయింది ఈయన పైపు తిప్పుతానన్నందుకు కాదు. కానీ ఏళ్ల తరబడి బోస్టన్ వ్యాపార వీధుల్లో కొత్త భవనం లేవలేదన్నది మాత్రం నిజం. ఆసుపత్రి, బీచ్‌లు, పార్కులు పేదలవైపు లేచాయన్నదీ నిజమే. ఓటర్లు అమాయకులని ఆ పత్రం చదివినవాళ్లు అనుకోవచ్చు. మాప్ కర్ర పట్టుకున్నావిడ మాత్రం లెక్క సరిగ్గానే వేసుకుంది, ఆ లెక్కలో ఊరి భవిష్యత్తు అనే కాలమ్ లేదంతే. ఆవిడ భవిష్యత్తు కోసం ఎవరూ కాలమ్ గీయలేదు మరి.

ఒక్క సంగతి హెచ్‌ఆర్ గొంతుతో రాయలేను. ఆయనకు తొమ్మిదిమంది పిల్లలు. ఏడుగురు ఆయన కళ్ల ముందే పోయారు. 1950 ఫిబ్రవరిలో ఒకే రోజు ఒక కూతురు, ఒక కొడుకు. ఆ తర్వాత కూడా రెండుసార్లు మేయర్ పదవికి నిలబడ్డారంటే, అది అధికార దాహమో, ఖాళీ ఇంట్లో కూర్చోలేకపోవడమో నాకు తెలియదు.

ఆ ఏడాదే ట్రూమన్ పూర్తి క్షమాభిక్ష పెట్టాడు. అధికారికంగా రెజ్యూమే కడిగిన ముత్యం. 1957లో ఆత్మకథ రాసుకున్నారు. మళ్లీ అవకాశమొస్తే మళ్లీ ఇదే చేస్తా, అని అర్థమొచ్చేలా పేరు పెట్టారు. పశ్చాత్తాపం అన్న కాలమ్ కూడా ఆ రెజ్యూమేలో లేదు. మరుసటి ఏడాది నవంబర్‌లో పోయారు. 1980లో కంచు విగ్రహాలై తిరిగొచ్చారు, ప్రాక్సీ ఒకటి అదనంగా వెంటబెట్టుకుని.

చదవడం అయ్యేసరికి ఎండ దిగింది. మా బావమరిది వెళ్లి బెంచీ మీద మేయర్ గారి పక్కన కూర్చున్నాడు. కూర్చోడానికి చోటుంది. ఫొటో తీయమంటాడేమోనని ఫోన్ పైకెత్తాను.

"అక్కకి చెప్పకు బావా," అన్నాడు. "ఏప్రిల్ నుంచి నేనూ బెంచ్ మీదే ఉన్నా."

ఫోన్ దించేశాను. జీతం వస్తోందా అని అడిగాను.

లేదన్నాడు.